మనది కాని కారు మీద మనసెందుకు పడుతుంది?

తేలికగా ఉండాలి, రెండే సీట్లుండాలి, ఇంజన్ వెనక చక్రాలను తిప్పాలి, గేర్లు చేత్తో మార్చుకోవాలి. కార్లలో నీ టేస్ట్ ఏమిటని అడిగినవాళ్లకు ఇరవై ఏళ్లుగా ఇదే జవాబు చెబుతున్నాను. 1989 నాటి మాజ్దా ఎంఎక్స్-5, 1996 నాటి లోటస్ ఎలీజ్ నా దేవుళ్లు. మొదటిది టన్ను కూడా తూగదు. రెండోది మరీ తేలిక, 725 కిలోల చిల్లర. అలాంటి నేను ఒక మధ్యాహ్నం పాత కార్ల ఫోటోలు తిరగేస్తూ ఫియట్ మల్టీప్లా దగ్గర ఆగిపోయాను. గంటసేపు అక్కణ్నుంచి కదల్లేదు. నవ్వుకోవడానికి కాదు, నిజంగానే నచ్చి.

మల్టీప్లా 1998లో వచ్చిన ఇటలీ ఫ్యామిలీ కారు. పొడవు నాలుగు మీటర్ల లోపే, అయినా ఆరుగురు పడతారు. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు. బానెట్ అయిపోయి ముందు అద్దం మొదలయ్యే చోట ఉబ్బిన పెదవిలా ఒక మడత ఉంటుంది, ఆ మడతలో ఇంకో జత లైట్లు. అందవిహీనమైన కార్ల జాబితా ఎవరు రాసినా దీని పేరు అందులో కనబడుతుంది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ మాత్రం 1999లో రాబోయే శతాబ్దపు కార్ల మీద ప్రదర్శన పెట్టి, అందులో దీన్ని నిలబెట్టింది. దీన్ని గీసిన రాబర్టో జోలిటో చేతుల మీదుగానే తర్వాత 2007 నాటి ఫియట్ 500 కూడా వచ్చింది. చూసినవాళ్లందరూ ముద్దుగా ఉందన్న కారు అది. అంటే మల్టీప్లా ఆ రూపంలో రావడానికి చేతకానితనం కారణం కాదు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. ఒకరి ఇష్టం ఇంకొకరికి ఉండదని ఆ సామెత చెబుతుంది, బాగానే ఉంది. కానీ ఇరవై ఏళ్లు ఒకే రుచి చెప్పిన జిహ్వ ఉన్నట్టుండి మాట మారిస్తే? "వయసు మీద పడింది" అనో, "టేస్ట్ చెడిపోయింది" అనో స్నేహితులు తేల్చేస్తారు. కార్ల పిచ్చి ఉన్న ప్రతి ఒక్కరికీ ఇలాంటి దొంగ ప్రేమ ఒకటైనా ఉంటుందని నా నమ్మకం. దానికి కారణం రుచి మారడం కాదు. మన రుచి ఏమిటో మనమే సరిగ్గా చెప్పుకోకపోవడం.

"నాకు స్పోర్ట్స్ కార్లు ఇష్టం" అనే మాట ఒక మూట లాంటిది. విప్పి చూస్తే లోపల చాలా ఉంటాయి. తక్కువ బరువు ఒకటి. టైరు కింద రోడ్డు ఏం చేస్తోందో స్టీరింగ్‌లో తెలియడం ఒకటి. ఇంజన్ శబ్దం, చేతులకూ కాళ్లకూ పని ఉండటం. చేసినవాళ్లు ఒకే పని మనసులో పెట్టుకుని మిగతావి వదిలేశారన్న తృప్తి. ఆ కారు నడిపే మనిషిగా నలుగురిలో మనకు దక్కే గుర్తింపు కూడా అందులోదే, ఒప్పుకోవడానికి కాస్త సిగ్గనిపించినా. ఇవన్నీ చాలావరకు ఒకే రకం కార్లలో కలిసి దొరుకుతాయి. అందుకే వీటిలో ఏది మనల్ని లాగుతోందో విడదీసి చూసుకునే అవసరం ఎప్పుడూ రాదు. రకం పేరు చెబితే పని జరిగిపోతుంది.

ఆ మూటలోది ఒక్కటే, మిగతావేవీ లేకుండా, అసలు సంబంధం లేని కారులో ఎదురైనప్పుడు తికమక మొదలవుతుంది. మనసు గుర్తుపడుతుంది, పేరు గుర్తుపట్టదు.

రాజీ పడని కార్లు

నాకు రెండోసారి ఇలా జరిగింది ఫ్రాన్స్ కారు సిట్రోయెన్ 2సీవీతో. 1948లో పారిస్ మోటార్ షోలో బయటికొచ్చినప్పుడు దాని ఇంజన్ 375 సీసీ, శక్తి 9 హార్స్‌పవర్. ఎలీజ్ పక్కన దీన్ని ఊహించుకుంటే నవ్వొస్తుంది. కానీ అది ఎలా పుట్టిందో చూడండి. సిట్రోయెన్ అధిపతి పియెర్-జూల్ బులాంజే తన ఇంజనీర్లకు పెట్టిన షరతులు పల్లెటూరి రైతును దృష్టిలో పెట్టుకున్నవి. 50 కిలోల బంగాళాదుంపలు మోయాలి. దున్నిన చేలో అడ్డంగా నడిపినా బుట్టలో గుడ్లు పగలకూడదు. టోపీ తీయకుండా కూర్చోగలగాలి. అందం గురించి ఆఖర్న చూసుకుందామన్న ధోరణి.

ఆ గుడ్ల షరతు నెరవేర్చడానికి వాళ్లు చేసిన పని అద్భుతం. ఒక్కో పక్క ముందు చక్రాన్నీ వెనక చక్రాన్నీ స్ప్రింగులతో కలిపేశారు. ముందు చక్రం గతుకెక్కితే ఆ కదలిక కొంత వెనక చక్రం వైపు వెళుతుంది, కారు ముక్కు పైకి ఎగరకుండా ఉంటుంది. దీని మూలంగా మలుపుల్లో కారు పడవలా ఒరుగుతుంది. మొదటిసారి చూసినవాళ్లు బోల్తా పడుతుందనే అనుకుంటారు. కానీ చక్రాలు నేలను వదలవు. వంగడం వేరు, పట్టు తప్పడం వేరని ఈ కారును చూశాకే నాకు అర్థమైంది. అంతకుముందు వంగే కారంటే చేతకాని కారనే నా లెక్క.

ఎలీజ్‌లో ఏం చేశారు? కార్పెట్లు తీసేశారు, సౌకర్యాలు తీసేశారు, మలుపు తిరగడానికి పనికిరాని ప్రతి కిలోనూ అనుమానంగా చూశారు. 2సీవీలో పల్లెటూరి రోడ్డుకు పనికిరాని ప్రతిదాన్నీ అలాగే చూశారు. గమ్యాలు వేరు, పట్టుదల ఒకటే. నాకు తేలిక కార్లు ఇష్టమనుకున్నాను. నిజానికి రాజీ పడనివాళ్లు చేసిన కార్లు ఇష్టం. తక్కువ బరువు ఆ పట్టుదలకు బయటికి కనబడే ఒక గుర్తు, అంతే.

ఈ కోణంలో చూస్తే, స్పోర్ట్స్ కార్లు తప్ప ఇంకేమీ చూడనివాళ్లు సుజుకి జిమ్నీ కోసం ఎందుకు తహతహలాడతారో అర్థమవుతుంది. 2018లో వచ్చిన నాలుగో తరం జిమ్నీని చూడండి. అప్పటికి ప్రపంచంలో చిన్న ఎస్‌యూవీల్లో చాలావరకు మామూలు కారు చట్రం మీద ఎత్తుగా కట్టినవే. ఇది మాత్రం లారీలకు ఉండేలాంటి నిచ్చెన చట్రం మీద, ముందూ వెనకా దృఢమైన యాక్సిల్స్‌తో, డబ్బాలా నిలబడింది. హైవే మీద హాయినివ్వదు, డిక్కీలో చోటుండదు. బురదలోకి, రాళ్లలోకి వెళ్లడానికే పుట్టింది, ఆ సంగతి దాచుకోదు.

యజమాని వెనక సీట్లో కూర్చుని తిరిగే జపాన్ విలాస కారు టయోటా సెంచరీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నా రుచికి అది ఎంత దూరమంటే, 1997 నాటి రెండో తరం సెంచరీలో 5 లీటర్ల వి12 ఇంజన్ పెట్టినా వేగం గురించి ఎవరూ మాట్లాడరు. సీట్లకు తోలు కాకుండా ఉన్ని బట్ట వేయించుకోవడం ఆ కారు సంప్రదాయం, ఎందుకంటే తోలు మీద కదిలితే కిర్రుమంటుంది. డబ్బున్నవాళ్లకు కారు చేస్తూ, తోలు గొప్పా ఉన్ని గొప్పా అని కాకుండా ఏది నిశ్శబ్దంగా ఉంటుందని ఆలోచించినవాళ్లంటే నాకు గౌరవం కలిగింది. డ్రైవింగ్ సీట్లో కూర్చోవాలన్న కోరిక లేకుండా నేను ఇష్టపడ్డ కారు ఇదొక్కటే.

నెమ్మదైన కారు ఇచ్చే హుషారు

ఇంకో రకం ప్రేమకు కారణం భౌతికశాస్త్రం. పెద్ద ఇంజన్లంటే పడిచచ్చేవాళ్లు ఉన్నట్టుండి 660 సీసీ బుడ్డ కారు మీద మనసు పారేసుకోవడం చాలాసార్లు చూశాను. జపాన్‌లో కేయి అనే చిన్న కార్ల తరగతి ఉంది. ఇంజన్ 660 సీసీ దాటకూడదు, శక్తిని 64 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలతే) దగ్గర ఆపేయాలని కంపెనీలు తమలో తాము ఒప్పుకున్నాయి. ఈ హద్దుల్లోనే 1991లో హోండా బీట్, సుజుకి కాపుచినో వచ్చాయి. బొమ్మల్లా ఉంటాయి. నడిపినవాళ్లు మాత్రం పక్కా స్పోర్ట్స్ కార్లంటారు.

కిటుకు ఇక్కడుంది. మలుపులో కారును పక్కకు లాగి పట్టుకోవాల్సిన బలం వేగంతో పాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. అదే మలుపు 40లో తిరిగినదానికంటే 60లో తిరిగితే టైర్ల మీద రెండుంపావు రెట్లు భారం. వెడల్పాటి ఖరీదైన టైర్లు ఆ భారాన్ని సునాయాసంగా మోసేస్తాయి, కాబట్టి రోడ్డు మీద వెళ్లదగిన వేగాల్లో వాటికి చెమటే పట్టదు. టైరు తన హద్దుకు దగ్గరయ్యేకొద్దీ కొద్దికొద్దిగా పక్కకు జారుతుంది, స్టీరింగ్ బరువు మారుతుంది, కారు మనతో మాట్లాడటం మొదలుపెడుతుంది. గొప్ప కారులో ఆ సంభాషణ మొదలయ్యేసరికి చేస్తున్న వేగం ప్రమాదకరంగా ఉంటుంది. సన్నటి టైర్ల చిన్న కారులో ఊరి రోడ్డు మీద మామూలు వేగంలోనే మొదలైపోతుంది. ఐదు వందల హార్స్‌పవర్ ఉన్నవాడు ఆక్సిలరేటర్‌ను రెండు క్షణాలకు మించి పూర్తిగా తొక్కలేడు. 64 ఉన్నవాడు తొక్కిపెట్టి ఉంచుతాడు.

అతనికి కావాల్సింది వేగం కాదని అప్పుడు తెలుస్తుంది. హద్దు దగ్గరగా ఉండటం కావాలి. పాపం, దాన్ని పెద్ద ఇంజన్లలో వెతుక్కుంటూ చాలా ఏళ్లు గడిపి ఉంటాడు.

మారువేషంలో ఉన్నవాటిని మాత్రం నేను ఈ లెక్కలోకి తీసుకోను. 1994 బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌లో వోల్వో 850 ఎస్టేట్ పరిగెత్తింది. సామాన్లేసుకునే పెట్టె లాంటి కారు రేసుల్లో తిరుగుతుంటే జనం ముగ్ధులైపోయారు. అదే ఏడాది పోర్షె సాయంతో ఆడి తెచ్చిన ఆర్ఎస్2 అవంత్ కూడా పెట్టె కారే, 315 హార్స్‌పవర్. 1990ల మధ్యలో రెనో తన ఎస్పాస్ వ్యాన్‌లో ఫార్ములా వన్ వి10 ఇంజన్ బిగించి ప్రదర్శనకు పెట్టింది. వీటిని ఇష్టపడి "చూశారా, నాకు ఫ్యామిలీ కార్లు కూడా నచ్చుతాయి" అంటే నేను నమ్మను. అది పాత ఇష్టమే, బట్టలు మార్చుకుని వచ్చింది.

అసహ్యం అరిగిపోయే తీరు

రూపం విషయంలో మనసు పని చేసే పద్ధతి వేరు. పోలండ్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయాన్స్ 1968లో ఒక సంగతి చూపించాడు. కొత్త పదాలు, గుర్తులు, ముఖాలు ఏవైనా సరే, ఎక్కువసార్లు కళ్లబడితే చాలు, వాటి మీద ఇష్టం పెరుగుతుంది. వేరే కారణం అక్కర్లేదు. కార్ల కంపెనీలకు దీంతో ఒక చిక్కుంది. కొత్త డిజైన్‌ను జనానికి ఒక్కసారి చూపించి "నచ్చిందా?" అని అడిగితే వచ్చే జవాబు, ఏడాది రోడ్డు మీద చూశాక వచ్చే జవాబు ఒకటి కావు.

2005లో క్లాస్-క్రిస్టియన్ కార్బన్, హెల్ముట్ లేడర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన పని సరిగ్గా దీని మీదే. కారు లోపలి డిజైన్లు చూపించి, వాటిని మళ్లీ మళ్లీ రకరకాల ప్రశ్నలతో బేరీజు వేయించారు. మొదట మామూలు డిజైన్లే గెలిచాయి. పదే పదే ఆలోచించాల్సి వచ్చాక వింత డిజైన్లు పైకి వచ్చాయి. కళ్లకు తేలికైనది త్వరగా నచ్చి అక్కడే ఆగిపోతుంది. కష్టమైనది, లోపల ఏదో ఉంటే, ఆలస్యంగా నచ్చి నిలుస్తుంది.

అయితే అన్ని వింతలూ ఇలా గెలవవు, అది కూడా గమనించాలి. పారిశ్రామిక డిజైనర్ రేమండ్ లోవీ దీన్నే ఒక సూత్రంగా పట్టుకున్నాడు. జనం ఒప్పుకోగలిగిన హద్దు దాటకుండా వీలైనంత కొత్తగా ఉండాలన్నాడు. మల్టీప్లా ఆ హద్దు దాటింది, అందుకే చాలామంది కొనలేదు. కానీ కొననివాళ్లు కూడా దాన్ని మర్చిపోలేకపోయారు. మర్చిపోలేకపోవడమే సగం పని చేసేస్తుంది. తర్వాతెప్పుడో చూసినప్పుడు ఆ మడత ఎందుకుందో తోస్తుంది. మనం కార్ల ముందు భాగాన్ని ముఖంలాగే చదువుతామని, సన్నటి కళ్లు, వెడల్పు నోరు ఉన్నవాటిని బలవంతుల కింద లెక్కేస్తామని 2008లో వియన్నా పరిశోధకులు చూపించారు. ఈ రోజుల్లో కొత్త కారు ముఖాలన్నీ పోట్లాటకు వచ్చినట్టే ఉంటాయి. వాటి మధ్య ఆశ్చర్యపోతున్న ముఖంతో ఒక కారు కనబడితే ప్రాణం లేచొస్తుంది.

ఇప్పుడు గుర్తింపు సంగతి. ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త పియెర్ బూర్ద్యూ 1979లో రాసిన పుస్తకంలో రుచి అనేది మనం ఎవరిమో, ముఖ్యంగా ఎవరిమి కామో చాటుకునే సాధనమని వాదించాడు. కార్ల ప్రపంచంలో ఇంతకంటే నిజమైన మాట లేదు. పెట్రోల్ ఇంజన్, ఎలక్ట్రిక్ మోటార్లు కలిసి నడిపే టయోటా ప్రియస్‌ను వెక్కిరించినవాళ్లలో ఎంతమంది దాన్ని నడిపారు? వాళ్ల కోపం కారు మీద కాదు, దాన్ని నడిపేవాళ్లు ఇలా ఉంటారని ఊహించుకున్న మనిషి మీద.

1997లో వచ్చిన ఆ కారు లోపలికి తొంగి చూస్తే, యంత్రాలంటే ఇష్టమున్న ఎవరికైనా మనసు పడాల్సిందే. మధ్యలో సూర్యుడి గేరు, చుట్టూ తిరిగే గ్రహాల గేర్లు, వాటి బయట ఒక పళ్ల వలయం. గ్రహాలకు ఇంజన్, సూర్యుడికి ఒక మోటార్, వలయానికి ఇంకో మోటారూ చక్రాలూ. సూర్యుడి వేగం మారిస్తే ఇంజన్, చక్రాల వేగాల నిష్పత్తి మారిపోతుంది. క్లచ్ లేదు, మార్చుకోవాల్సిన గేర్లూ లేవు. ఎప్పుడూ విడిపోకుండా కలిసే ఉండే కొన్ని పళ్లచక్రాలతో ఇంత పని చేయించారు. వెక్కిరింతల గోలలో దీన్ని మెచ్చుకోవడం తప్పయిపోయింది. 2022 చివర్లో ఐదో తరం ప్రియస్‌ను వాలుగా, కిందికి అణిగిన రూపంతో చూపించగానే "అబ్బ, ఎంత బాగుందో" అన్నవాళ్లలో పాత వెక్కిరింతగాళ్లూ ఉన్నారు. వాళ్లకు కావాల్సింది ఒప్పుకోవడానికి ఒక సాకు.

ఎలక్ట్రిక్ కార్ల విషయంలో నాకు తగిలిన దెబ్బ వేరు. వాటిలో గేర్లుండవు కాబట్టి అవి నాకొద్దని తీర్మానించుకున్నాను. 2023లో హ్యుందాయ్ ఐయోనిక్ 5 ఎన్ వచ్చింది. బరువు 2.2 టన్నుల దాకా, శక్తి 600 హార్స్‌పవర్ పైన. నా రుచికి పూర్తిగా వ్యతిరేకం. అందులో లేని గేర్లను ఉన్నట్టు నటించే ఏర్పాటు ఉంది. ఎనిమిది గేర్లు ఉన్నట్టు మోటార్ బలాన్ని ముక్కలు చేస్తుంది, గేరు మార్చినప్పుడు చిన్న కుదుపు ఇస్తుంది, మార్చకపోతే హద్దు తగిలినట్టు ఆగిపోతుంది, స్పీకర్లలోంచి శబ్దం తెస్తుంది. వినగానే రోత పుట్టింది. బొమ్మ గేర్లా? కానీ నడిపిన పాతకాలపు కార్ల పిచ్చోళ్లు వరసగా బాగుందనడం మొదలుపెట్టారు. ఆలోచిస్తే కారణం తడుతుంది. మలుపు ముందు ఎంత నెమ్మదించామో చెవికి, నడుముకు తెలియాలి. చేతికి చేయడానికి ఒక పని, అది సరిగ్గా పడిందా లేదా అని వెంటనే ఒక జవాబు కావాలి. మాన్యువల్ గేరు అంటే మాకున్న ప్రేమ పళ్లచక్రాల మీద కాదు, ఈ లయ మీద. నటన అని తెలిసినా లయ పనిచేస్తుంది. దీన్ని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది, ఇప్పటికీ సగమే ఒప్పుకున్నాను.

ఒక్కొక్కటి తీసేసి చూస్తే

మనసు పడ్డ కారులో దేని మీద పడిందో తేల్చుకోవాలంటే ఒక్కో భాగాన్ని ఊహలో తీసేసి, ఇంకా కావాలనిపిస్తోందా అని అడగాలి. ఐయోనిక్ నుంచి నటించే గేర్లు తీసేస్తే నాకు ఆ కారుతో పని లేదు. జిమ్నీ నుంచి నిచ్చెన చట్రం తీసేసినా, నిజం చెప్పాలంటే, నాకింకా ఇష్టమే. ఇది నన్నే ఆశ్చర్యపరిచింది.

మల్టీప్లా విషయంలో ఈ పరీక్ష ఫియట్టే చేసి పెట్టింది. 2004లో ఆ మడత తీసేసి మామూలు ముఖం తగిలించారు. సీట్లు అవే, వెడల్పు అదే. ఆ ఫోటో చూస్తే నాలో ఏ చలనమూ లేదు. ఓహో, నాది ముఖం మీద ప్రేమేనన్నమాట అని తేల్చేసుకున్నాను. తర్వాత ఒకసారి తెలిసినవాళ్లది ఎక్కే అవకాశం వచ్చింది, అది ఆ మామూలు ముఖం కారే. ముందు వరుసలో ముగ్గురం భుజాలు ఆనించుకుని కూర్చున్నాం. కారు కదిలిన రెండు నిమిషాలకు అర్థమైంది. చుట్టూ అంతా అద్దమే. తలుపు మీద కిటికీ అంచు మోచేతి కిందికి ఉంది, పైకప్పును మోసే పిల్లర్లు సన్నగా ఉన్నాయి, కారు నాలుగు మూలలూ ఎక్కడున్నాయో చూడకుండానే తెలుస్తోంది.

ఇప్పటి కార్లలో ఇది పోయింది. పక్కనుంచి గుద్దితే తట్టుకోవాలి, పిల్లర్లలో ఎయిర్‌బ్యాగులు పట్టాలి, బోల్తా పడితే పైకప్పు బరువు మోయాలి, పెద్ద చక్రాలకు తగ్గట్టు ఒళ్లు ఎత్తుగా కనబడాలి. కిటికీలు కుంచించుకుపోయాయి. ప్రాణాలు కాపాడే మార్పులు చాలా ఉన్నాయి, తప్పు పట్టలేం. కానీ మొదటి తరం ఎంఎక్స్-5 తలుపు మీద మోచెయ్యి పెట్టుకోగలిగిన సుఖం, రోడ్డంతా ఒళ్లో ఉన్నట్టనిపించడం, అదే ఈ ఆరు సీట్ల వ్యాన్‌లోనూ ఉంది. 2సీవీలో ఉంది. నిలువు అద్దాల జిమ్నీలో ఉంది, అందుకే చట్రం తీసేసినా నాకు అది నచ్చింది. ఇరవై ఏళ్లుగా బరువు, గేర్లు, వెనక చక్రాలు అని చెబుతున్న జాబితాలో అద్దం అనే మాట ఒక్కసారి కూడా లేదు.

సెంచరీ మాత్రం ఈ లెక్కకు లొంగడం లేదు. వెనక కిటికీలకు లేసు తెరలు కట్టుకుని తిరిగే కారది.